ప్రళయకావేరిలో ఒక చెప్పు

అలారం మూడున్నరకి పెట్టుకున్నాను. మెలకువ వచ్చింది మాత్రం నాలుగుంబావుకి, అదీ కింద నుంచి కారు హారన్ మోగితే. గబగబా మొహం కడుక్కుని, రాత్రే సర్దిపెట్టుకున్న బ్యాగు పట్టుకుని దిగేసరికి ముగ్గురూ గుర్రుగా ఉన్నారు. అందరికంటే ఎక్కువ కోపంగా ఉంది మేష్టారు. అయితే నా మీద కాదు, హారన్ కొట్టిన బావ మీద. "వీధంతా లేపావు, సరే. ఈ రోజుకి ఇదే ఆఖరి హారన్. మళ్లీ కొట్టావంటే నేను కారు దిగిపోతా" అన్నారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

బావ అంటే మాకు చుట్టం కాదు. కాలేజీలో ఎవడో సరదాకి మొదలుపెడితే ఊరందరికీ బావ అయిపోయాడు. కారు వాడిదే. మేష్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు, మాకంటే పదేళ్లు పెద్ద. నలుగురిలో పక్షుల సంగతి తెలిసింది ఆయనొక్కరికే. నాలుగోవాడికి మెడికల్ షాపు ఉంది. అయినా ఈ మధ్య పెద్ద లెన్సు ఒకటి కొన్న దగ్గర్నుంచి వాణ్ణి అందరం 'కెమెరా' అనే పిలుస్తున్నాం. నేను లెక్కలోకి రాను. అంతకుముందు నాకు తెలిసిన పక్షులు కాకి, పావురం, కొంగ. తెల్లగా ఉండి కాళ్లు పొడుగ్గా ఉంటే కొంగ, అంతే.

సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం అది. ముందు నేలపట్టు పక్షుల చెరువు చూసి, తర్వాత పులికాట్ సరస్సుకి వెళ్దామని ప్లాన్. మేష్టారు రెండు రోజుల ముందే వద్దన్నారు. "పులికాట్ పొద్దున్నే చూడాలి. నేలపట్టులో గూళ్లు ఎక్కడికీ పోవు, ఎప్పుడు వెళ్లినా ఉంటాయి" అని. మేం వినలేదు. నెల్లూరు నుంచి కిందికి వస్తుంటే దారిలో ముందు తగిలేది నేలపట్టు ఉన్న దొరవారిసత్రం, ఆ తర్వాత పులికాట్‌కి తిరిగే సూళ్లూరుపేట. "ముందొచ్చేది ముందు చూద్దాం సార్, వెనక్కీ ముందుకీ తిరగడం దేనికి" అన్నాడు బావ. డ్రైవింగ్ చేసేవాడి మాట కదా, నెగ్గింది. ఆ మాట ఎంత తప్పో మధ్యాహ్నం పన్నెండుకి తెలిసింది.

నాయుడుపేట దాటాక మంచు బాగా దిగింది. హైవే వదిలి లోపలికి తిరిగేసరికి తెల్లారుతోంది. నేలపట్టులో పక్షులకంటే ముందు వాటి వాసన ఎదురొచ్చింది. చేపల మార్కెట్టునీ కోళ్ల ఫారాన్నీ పక్కపక్కన పెడితే ఎలా ఉంటుందో అలా. కెమెరా ముక్కుకి కర్చీఫ్ కట్టుకున్నాడు. "పది నిమిషాలాగు, ముక్కే మర్చిపోతుంది" అన్నారు మేష్టారు. నిజంగానే మర్చిపోయింది.

చెరువు కట్ట మీద నడుస్తూ పోతే నీళ్లలో నిలబడ్డ చెట్లు కనిపిస్తాయి. నీటి కడప చెట్లంటారు. నెలల తరబడి మొదళ్లు మునిగి ఉన్నా ఈ చెట్టుకి ఏమీ కాదు. ఆకులూ కొమ్మలూ రెట్టలతో నిండిపోయి సున్నం కొట్టినట్టున్నాయి. ఆ కొమ్మల నిండా గూళ్లు. పై అంతస్తు గూడబాతులది, అంటే పెలికాన్లది. అవి అంత బరువుండి అంత సన్నటి కొమ్మ మీద ఎలా ఆగుతాయో అర్థం కాదు. పక్కనా కిందా నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. రెట్టలన్నీ చెరువులోనే పడతాయి కాబట్టి ఆ నీళ్లు పారిన పొలానికి ఎరువు ఖర్చు తగ్గుతుందని ఆ చుట్టుపక్కల రైతులు చెబుతారు. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం చూస్తే 5 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు.

వాచ్ టవర్ ఎక్కాక మేష్టారు నా చేతికి బైనాక్యులర్ ఇచ్చారు. ఈ బైనాక్యులర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మొదటి అరగంట నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. పక్షిని చూస్తాను, తల దించి బైనాక్యులర్ కళ్ల దగ్గర పెట్టుకుంటాను, మళ్లీ తల ఎత్తుతాను. ఈలోగా ఏ కొమ్మ అనుకున్నానో ఆ కొమ్మ పోయేది. మేష్టారు కాసేపు చూసి చెప్పారు. పక్షి మీద నుంచి చూపు తీయకూడదు, తల కదపకూడదు, బైనాక్యులరే కంటి దగ్గరికి రావాలి. అంతే. రెండో ప్రయత్నానికే దొరికింది. ఇంకో సంగతి, నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. కంటి దగ్గరుండే రబ్బరు కప్పుల్ని కిందికి తిప్పేస్తే అద్దాలతోనే పూర్తి వృత్తం కనపడుతుంది, లేకపోతే తాళం కన్నంలోంచి చూసినట్టుంటుంది. కుడి కంటి దగ్గర ఇంకో చిన్న రింగు ఉంటుంది. ముందు ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి ఫోకస్ చేసుకోవాలి, తర్వాత కుడి కంటికి ఆ రింగు సరిచేసుకోవాలి. ఒక్కసారి చేసుకుంటే చాలు, రోజంతా దాని జోలికి పోనక్కర్లేదు.

బావ దగ్గర ఇంకో బైనాక్యులర్ ఉంది, ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. దాని మీద 20 అని పెద్ద అంకె ఉంది. నాదాని మీద 8x42 అని ఉంటే వాడు జాలిగా చూశాడు. తీరా చూస్తే 20 రెట్లు పెద్దది చేసేది చేతి వణుకుని కూడా 20 రెట్లు చేస్తుంది. వాడికి నేలపట్టు మొత్తం భూకంపంలో ఉన్నట్టు కనపడింది. మధ్యాహ్నం నుంచి నాది లాక్కోవడం మొదలుపెట్టాడు.

సరే, దొరికిన గూడబాతు దగ్గరికి వస్తాను. పై ముక్కు అంచు వెంబడి నల్లటి, నీలపు చుక్కలు వరసగా ఉన్నాయి, ఎవరో తీరిగ్గా కూర్చుని పెన్నుతో పెట్టినట్టు. గూట్లో రెండు పిల్లలు. అప్పుడే తల్లో తండ్రో వచ్చి వాలింది (ఇద్దరూ మేపుతాయట, చూసి చెప్పడం కష్టం). పిల్ల ఒకటి ఏ మొహమాటం లేకుండా దాని నోట్లోకి తల దూర్చింది. తలతో ఆగలేదు, మెడ కూడా లోపలికి పోయింది. బయట మిగిలింది రెక్కలూ వీపూ మాత్రమే. పెద్దదాని గొంతు సంచి అటూ ఇటూ ఊగుతోంది, లోపల ఎవరో సామాన్లు వెతుకుతున్నట్టు. అర నిమిషం పైనే అలా ఉంది. తల బయటికి తీసేసరికి పిల్ల మొహమంతా తడి. వెంటనే రెండోది దూరింది. పెద్దది కళ్లు మూసుకుని నిలబడింది. కెమెరా ఫొటో తీయడం మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నన్ను తిట్టాడు, గుర్తు చేయలేదని.

నత్తగుల్ల కొంగలు ముక్కులు టకటకలాడిస్తుంటే చెరువంతా చిడతలు వాయిస్తున్నట్టుంది. ఆ ముక్కు మూసినా పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టుకోవడానికి అలా ఏర్పడిందంటారు. పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దవుతున్నకొద్దీ వస్తుంది.

టవర్ మీదకి ఇంకో కుటుంబం వచ్చింది. తండ్రి ఇద్దరు పిల్లలకి చూపిస్తూ, "అవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి నాన్నా, వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చాయి" అన్నాడు. మేష్టారు మొహం చూశాను. లెక్క తప్పు వేసిన కుర్రాడిని చూసే చూపు. కాసేపు ఓర్చుకున్నారు, ఇక ఆగలేక, "ఏమనుకోకండి, ఇవి మన దేశం పక్షులేనండీ. పురిటికి పుట్టింటికి వచ్చినట్టు గుడ్లు పెట్టుకోవడానికి ఇక్కడికి వస్తాయి. అక్టోబర్ నుంచీ వస్తాయి, పిల్లలు ఎగరడం నేర్చాక వెళ్లిపోతాయి" అన్నారు. ఆ తండ్రి మర్యాదస్తుడు, నొచ్చుకోలేదు. "మరి పేపర్లో ఎప్పుడూ సైబీరియా అనే రాస్తారు కదండీ" అన్నాడు. అది నిజమే. పక్షులు గూళ్లు పెట్టే ఊరు ఉప్పలపాడు అయినా, తేలినీలాపురం అయినా, నేలపట్టు అయినా, చెట్టు మీద పెద్ద పక్షి కనపడితే చాలు, మనవాళ్లకి అది సైబీరియా నుంచే రావాలి.

తర్వాత మెట్లు దిగుతుంటే మేష్టారు మాకొక గుర్తు చెప్పారు. చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. అది గుడ్డు పెట్టేది ఎండాకాలంలో, తన ఊళ్లో. ఇక్కడికి తినడానికి మాత్రమే వస్తుంది. "గూట్లో పిల్ల కనపడిందా, సైబీరియా మాట మర్చిపో" అన్నారు. ఎవరికైనా చెప్పడానికి వీలైన గుర్తు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజంతా మాకు ఇదే పని అయింది. ఏది కనపడినా ముందు, ఇది పురిటికొచ్చిందా, తిండికొచ్చిందా అని అడగడం.

నేలపట్టులో పదకొండు దాకా ఉండిపోయాం. సూళ్లూరుపేటలో ఏదో తినేసి, శ్రీహరికోట రోడ్డెక్కేసరికి పన్నెండు దాటింది.

ఆ రోడ్డు గురించి తెలియనివాళ్లకి: పులికాట్ సరస్సుకి తెలుగులో ప్రళయకావేరి అని పాత పేరు. చిలికా తర్వాత మన దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంటుంది. సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డుగా శ్రీహరికోట దీవి. రాకెట్లు వెళ్లే చోటు అదే. సూళ్లూరుపేట నుంచి అక్కడికి వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చెక్‌పోస్టు దాటి లోపలికి పర్మిషన్ లేకుండా పోనివ్వరు కానీ మనకి కావాల్సింది ఆ రోడ్డే. కారు దిగకుండానే రెండు వైపులా పక్షులు కనపడతాయి.

కనపడాలి. పన్నెండున్నరకి మాకు కనపడింది ఎండ. నీళ్ల మీద ఎండమావి ఆడుతోంది. దూరంగా, బాగా దూరంగా, లేత గులాబీ రంగులో ఒక గీత ఉంది, అదే ఫ్లెమింగోల గుంపు. బైనాక్యులర్ పెడితే ఆ గీత పొయ్యి మీది ఆవిరిలా వణికింది. ఒక్కో పక్షీ రెండుగా విడిపోయి మళ్లీ కలుస్తోంది. కెమెరా యాభై ఫొటోలు తీసి, స్క్రీన్ మీద పెద్దవి చేసి చూసి, "సార్, ఫ్లెమింగోలు కరిగిపోయాయి" అన్నాడు. లెన్సు తప్పేమో అని వాడికి టెన్షన్. "లెన్సు కాదురా, గాలి. నేల వేడెక్కాక ఎంత ఖరీదైన లెన్సయినా ఇంతే. అందుకే కదా పొద్దున్నే రావాలన్నాను" అన్నారు మేష్టారు. బావ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.

అటకానితిప్ప దగ్గర కారు పక్కకి ఆపాం. అక్కడే బావ గట్టిగా అరిచాడు, "ఇవిగో, పక్కనే ఉన్నాయి! ఫ్లెమింగో పిల్లలు!" అని. చూస్తే రోడ్డు పక్కన మడుగులో అరడజను పక్షులు. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, సన్నటి గులాబీ కాళ్లు ఒంటికి పొంతన లేనంత పొడుగు. అవి ఎర్రకాళ్ల ఉల్లంకులట (ఉల్లంకులంటే నీటి అంచున బురదలో మేసే పిట్టలు). మన దగ్గర ఏడాది పొడుగునా ఉండేవే. అసలు ఫ్లెమింగో పిల్ల గులాబీగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. ఆ రంగు పుట్టుకతో వచ్చేది కాదు, తిండితో వచ్చేది. నీళ్లలోని నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులు తినగా తినగా కొన్నేళ్లకి పడుతుంది.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మా హడావుడి చూసి నవ్వాడు. "ఏం తాతా, అవి దగ్గరికి రావా?" అని అడిగాను. "ఇప్పుడేడొస్తాయి సామీ. ఈ తూరి వానలకి నీళ్లు ఎక్కువుండాయి. కాళ్లు అందేకాడే అవి మేసేది. పొద్దు వాలినాక ఆ తట్టు తిప్పలకాడికి వస్తాయి, అందాకా కదలబాకండి" అన్నాడు. ఆ ఒక్క మాటలో మాకు కావాల్సినదంతా ఉంది. ఈ సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుముకి మించదు. ఈశాన్య రుతుపవనాల వానలు పడి, కాళంగి లాంటి ఏర్లు వచ్చి కలిస్తే నీటి మట్టం పెరుగుతుంది. సముద్రంలోకి పోయే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సముద్రపు నీరు రాదు, ఉప్పు మారిపోతుంది, చేప తగ్గుతుంది. ఆ సంగతి కూడా ఆయనే చెప్పాడు, పక్షుల కోసం కాదు, తన వల కోసం. ఫ్లెమింగో చూసుకునేదీ అదే: నీళ్లు మోకాలి దాకా ఉండాలి, ఎక్కువైనా తక్కువైనా ఇంకో చోటికి పోతుంది. (మోకాలు అన్నాను కానీ మనం దాని మోకాలనుకునేది నిజానికి చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది.)

తాత కదలబాకండి అన్నాడు. బావ కదిలాడు.

వాడి ఉద్దేశం మంచిదే, కెమెరాకి ఒక్క మంచి ఫొటో దొరకాలని. రోడ్డు గట్టు దిగి, తెల్లగా ఉప్పు పేరుకున్న నేల మీద నడవడం మొదలుపెట్టాడు. పైకి ఎండిపోయి పెంకులు కట్టినట్టుంది. ఇరవై అడుగులు బాగానే పోయాడు. మేం చూస్తుండగానే కుడికాలు పిక్క దాకా దిగిపోయింది. ఆ కాలు తీయబోతే ఎడమకాలు మోకాలి దాకా పోయింది. పై పెంకు కింద అంతా నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. నేనూ కెమెరా గట్టు మీద నుంచి కర్ర ఒకటి అందించి లాగాం. బావ వచ్చాడు, ఎడమ చెప్పు రాలేదు. చెయ్యి పెట్టి వెతికాడు, మోచేతి దాకా నల్లగా అయింది తప్ప చెప్పు చిక్కలేదు. ఇంతా చేస్తే గులాబీ గీత మొదట ఎంత దూరంలో ఉందో ఇప్పుడూ అంతే దూరంలో ఉంది. వాడు ఇరవై అడుగులు వేస్తే అవి తీరిగ్గా ముప్పై వేసినట్టున్నాయి. తాత ఏమీ అనలేదు. తన డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు తీసి బావ కాళ్ల మీద పోశాడు.

మేం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చేసిన పని, కారు నీడలో కూర్చోవడం. మొత్తం ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది ఆ మూడు గంటలే.

మొదట్లో విసుగే. తర్వాత మేష్టారు రోడ్డు అంచున, మాకు పది పదిహేను అడుగుల దూరంలో, బురదలో ఏదో కదులుతుంటే చూపించారు. నేనైతే బురద ముద్దలనుకున్నాను. పిచ్చుకంత పిట్టలు, బూడిద గోధుమ రంగులో. ఒక్కటి కూడా కాలు నిలపడం లేదు. కుట్టుమిషన్ సూదిలా ముక్కుతో బురదని టకటకా పొడుస్తూ, రెండడుగులు పరుగెత్తి, మళ్లీ పొడుస్తూ. నీటి అల వస్తే వెనక్కి, పోతే ముందుకి. వాటిని లిటిల్ స్టింట్ అంటారు, ఉల్లంకుల్లో బాగా చిన్నవి. బరువు 25 గ్రాములకి అటూ ఇటూ. మా బావ జేబులోని కారు తాళాల గుత్తి అంతకంటే బరువు.

"ఇదిగోరా సైబీరియా" అన్నారు మేష్టారు.

ఇవి గూడు కట్టేది ఆర్కిటిక్ ఒడ్డున, చెట్టన్నది మొలవని టండ్రా నేల మీద. అక్కడ వేసవి రెండు మూడు నెలలే. ఆ కాస్తలోనే గుడ్లు, పిల్లలు, అన్నీ అయిపోవాలి. ఆ తర్వాత దక్షిణానికి దారి పడతాయి. పెద్దవి ముందు బయల్దేరతాయి, ఆ ఏడాది పుట్టిన పిల్లలు తర్వాత వాటంతటవి వస్తాయి. ఎవరూ వెంట ఉండి దారి చూపించరు. నాకు ఇక్కడ నమ్మకం కుదరలేదు, అడిగాను. మేష్టారు ఇంకో పక్షి సంగతి చెప్పారు. 2022లో బార్ టెయిల్డ్ గాడ్విట్ జాతి పక్షికి, అయిదు నెలల పిల్లకి, చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టి వదిలితే అలాస్కాలో ఎగిరి టాస్మేనియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, మధ్యలో దిగింది లేదు, తిన్నది లేదు. ఆ జాతి పక్షులకి బయల్దేరే ముందు ఒంట్లో కొవ్వు విపరీతంగా పేరుకుంటుంది, బరువు తగ్గించుకోవడానికి కడుపూ పేగులూ కుంచించుకుపోతాయి. "సామాను తగ్గించుకుని పెట్రోలు నింపుకోవడం అన్నమాట" అన్నాడు బావ. వాడి బుర్ర ఎప్పుడూ కారు దగ్గరే.

స్టింట్‌ని ఫొటో తీయమంటే కెమెరా మొహం చిట్లించాడు. "దీన్ని ఎవరికి చూపిస్తే ఏమంటారు సార్, పిచ్చుక అంటారు" అన్నాడు. అయినా బోర్లా పడుకుని తీశాడు. తర్వాత చూస్తే ఆ రోజు వాడు తీసిన వాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. ఈకల అంచులు విడివిడిగా కనపడుతున్నాయి, ముక్కు చివర చిన్న బురద బొట్టు.

పక్కనే కర్రల మీద తెల్లటి గల్ పక్షులు కూర్చున్నాయి. పుస్తకంలో వాటి పేరు బ్రౌన్ హెడెడ్ గల్. తల మాత్రం తెల్లగా ఉంది, చెవి దగ్గర ఒక నల్ల మచ్చ, అంతే. ఆ గోధుమ రంగు తల వేసవిలో, లద్దాఖ్, టిబెట్ వైపు ఎత్తయిన సరస్సుల దగ్గర గూడు పెట్టేటప్పుడు వస్తుంది. మనకి కనపడేది పండగ అయిపోయాక విప్పేసిన వేషం. సూదితోక బాతులు ఒక గుంపు దూరంగా తలలు ముంచి తోకలు పైకెత్తి మేస్తున్నాయి. మాకు కనపడినంత సేపూ వాటి తోకలే కనపడ్డాయి.

మూడు దాటాక ఒక వ్యాన్ వచ్చి ఆగింది. కుర్రాళ్లు పదిమంది దాకా ఉన్నారు. వీడియో తీసుకోవడానికి పక్షులు ఎగరాలట. డ్రైవర్ చెయ్యి హారన్ మీద పెట్టి తీయలేదు. మొదట మా ముందున్న స్టింట్లు లేచాయి, అన్నీ ఒక్కసారే, గుప్పెడు పొట్టు గాల్లోకి ఎగరేసినట్టు. తర్వాత బాతులు. ఫ్లెమింగోల గీత మాత్రం కొంచెం వంగింది, లేవలేదు. వ్యాన్‌వాళ్లు నిరాశపడి వెళ్లిపోయారు. మేష్టారు వెళ్లి మాట్లాడబోయేసరికే బండి కదిలింది. ఆయన వెనక్కి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవి ఇక్కడికి వచ్చేది ఒక్క తిండి కోసం. ఆ తిండి తినేటప్పుడు లేపితే తిన్నది ఎగరడానికే సరిపోతుంది. ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణానికి కొవ్వు ఎక్కడి నుంచి తెస్తాయి" అన్నారు. స్టింట్లు మళ్లీ మా ముందు వాలడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. నేను టైమ్ చూశాను.

నాలుగున్నరకి గాలి చల్లబడింది, ఎండమావి ఆగిపోయింది. తాత చెప్పిన తిప్ప వైపే గులాబీ గీత మెల్లగా జరుగుతూ వచ్చింది. సూర్యుడు మాకు కుడిపక్కన, వెనగ్గా ఉన్నాడు. మొదటిసారి ఒక్కో పక్షీ విడిగా, స్పష్టంగా కనపడింది.

ఫ్లెమింగో తినే తీరు చూసే దాకా నమ్మలేం. తల తలకిందులు చేసి నీళ్లలో పెడుతుంది, పై ముక్కు కిందికి, కింది ముక్కు పైకి. నాలుకతో నీళ్లని లోపలికీ బయటికీ తోస్తుంటే ముక్కు అంచుల్లోని జల్లెడ లాంటి పళ్లలో తిండి ఆగుతుంది. ఒకటి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద తొక్కుతోంది, మట్టి తొక్కే కుమ్మరిలా. లేచిన బురదలో తల పెట్టి జల్లిస్తోంది. గుంపు మొత్తం మీద నుంచి బాతుల కూతలాంటి రొద, ఆగకుండా. కొన్ని ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి. అది పెద్ద తపస్సేమీ కాదట. ఒంటికాలి మీద నిలబడితే కీళ్లు వాటంతటవే కుదురుకుంటాయి, కండరాలకి దాదాపు పని ఉండదు. 2017లో కొందరు శాస్త్రవేత్తలు చచ్చిన ఫ్లెమింగోని ఒంటికాలి మీద నిలబెట్టి చూస్తే అది కూడా నిలబడిందట.

ఇవి సైబీరియావా అని బావ అడిగాడు. కాదు. పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో వేలకొద్దీ గూళ్లు పెట్టేది గుజరాత్‌లో, రణ్ ఆఫ్ కచ్ ఉప్పు నేలల్లో. పులికాట్‌లో గూడు పెట్టవు, తిండికే వస్తాయి. "అంటే ఇంత రంగూ ఆర్భాటమూ గుజరాతా, ఆ బురద ముద్ద ఆర్కిటిక్కా" అన్నాడు బావ, చెప్పు లేని కాలు ఇంకో కాలి మీద వేసుకుని.

ఇక లెక్క. చూసినవన్నీ ఈబర్డ్ యాప్‌లో రాద్దామన్నారు మేష్టారు. పెద్ద గుంపుని లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూపుకి అలవాటు చేసుకోవాలి, తర్వాత ఆ కొలతతో గుంపు మొత్తం కొలుచుకుంటూ పోవాలి. నలుగురం విడివిడిగా చేశాం. నాకు 420. కెమెరాకి 650. బావకి వెయ్యి పైనే, వాడు ఉదారుడు. మేష్టారుకి 540, అయితే ఆయన లెక్క సగంలో ఉండగా వెనక వరస లేచింది. లేవడానికి ముందు నీళ్ల మీద పదడుగులు పరుగెత్తాయి, మెడలు ముందుకి, కాళ్లు వెనక్కి చాచి. మూసి ఉన్నప్పుడు తెల్లగా కనపడిన రెక్కలు తెరుచుకుంటే లోపల ముదురు ఎరుపు, అంచున నలుపు. ఎవరూ హారన్ కొట్టలేదు, వాటికే పోవాలనిపించింది. మా నెత్తి మీదుగా కాదు, కొంచెం పక్కగా, సరస్సులోని వేనాడు దీవి వైపు పోయాయి. కెమెరా ఈసారి మర్చిపోలేదు.

తిరుగు ప్రయాణంలో సూర్యుడు సరిగ్గా అద్దంలో ఉన్నాడు, బావ ఒంటి చెప్పుతో డ్రైవింగ్. గూడూరు దాకా కారులో బురద వాసన. వెనక సీట్లో మేష్టారు ఫోన్‌లో జాబితా పూర్తి చేస్తున్నారు. మొత్తం 31 రకాలు వచ్చాయి. ఫ్లెమింగోల దగ్గర ఆగిపోయారు. నా 420 ఆయనకి నచ్చలేదు, తన 540 మీదా ఆయనకి నమ్మకం లేదు. ఆ యాప్‌లో అంకె తెలియకపోతే ఎక్స్ అని పెట్టొచ్చు, 'చూశాం, లెక్కపెట్టలేదు' అని దానికి అర్థం. లెక్కల మేష్టారు ఫ్లెమింగోలకి ఎక్స్ పెట్టారు. స్టింట్ల దగ్గర ఏమాత్రం తడుముకోకుండా 46 అని కొట్టారు. కారు నీడలో కూర్చున్న మూడు గంటల్లో వాటిని నాలుగుసార్లు లెక్కపెట్టారట.